కోరంగి వాళ్ళ జెండా పండగ

మారిషస్ నుంచి,
మార్చి 14

ఒరేయ్ సూరిబాబూ,

ఉత్తరం రాసి మూడు నెలలు దాటింది, నువ్వు తిట్టుకుంటూనే ఉంటావని తెలుసు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే నీకు ఆనదు. అందుకే ఇవాళ ఆఫీసు నుంచి పెందరాళే వచ్చేసి, టీ పెట్టుకుని కూర్చున్నాను. మొన్న పన్నెండో తారీకున ఇక్కడ స్వాతంత్ర్య దినం. ఆ కబుర్లు ముందు నీకే చెప్పాలి, ఎందుకంటే ఇందులో మీ తాళ్ళరేవు పక్క ఊరికి కూడా వాటా ఉంది.

ముందు నా పరువు పోయిన సంగతి. వారం రోజుల ముందు నుంచే రోడ్ల మీద జెండాలు అమ్మకానికి పెట్టారు. అందరి కార్ల కిటికీలకీ జెండాలు రెపరెపలాడుతుంటే నేను కూడా ఒకటి కొని బాల్కనీకి కట్టాను. నాలుగు అడ్డపట్టీల జెండా అది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. మన జెండాలో ఆకుపచ్చ కిందే కదా ఉండేది! అయినా ఆ మాటే తట్టలేదు, ఆకుపచ్చ పైకి వచ్చేలా కట్టేసి లోపలికొచ్చి పడుకున్నాను. పొద్దున్నే కింద నుంచి పక్కింటి మామ్మగారి కేకలు. చేతులు తిప్పుతూ ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో ఏదో చెబుతోంది. నాకు అర్థంకాక "బావున్నారా" అన్నట్టు నేను కూడా చెయ్యూపాను. చివరికి ఆవిడే మెట్లెక్కి వచ్చి, విప్పి, తిరగేసి కట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. ఎరుపు పైన ఉండాలట, అది పోరాటానికి గుర్తట. నీలం సముద్రం, పసుపు స్వాతంత్ర్యపు వెలుగు, ఆకుపచ్చ పొలాలు. పొలాలంటే వరి అనుకునేవు, ఇక్కడ ఎటు చూసినా చెరుకే.

ఈ మామ్మగారి గురించి చెప్పాలి. తెలుగావిడే. కానీ తెలుగులో నాతో రెండు వాక్యాలు కలపలేదు. ఇంట్లో క్రియోల్, పేపరు ఫ్రెంచిలో, గుళ్ళో మాత్రం తెలుగు. రామభజన పాటలు పుస్తకం చూడకుండా పాడుతుంది. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, ఉగాదికి ఈ దేశంలో ప్రభుత్వ సెలవు కూడా ఉంది. మొదటిసారి ఆవిడ నోట "అమ్మోరు" అన్న మాట విన్నప్పుడు మా విజయనగరం పెద్దమ్మ గుర్తొచ్చి ఒళ్ళు జలదరించిందిరా. ఇంటిపేర్లు కూడా తమాషాగా ఉంటాయి. ముత్తాత పేరు అప్పడైతే ఇంటిల్లిపాదికీ అదే ఇంటిపేరు. ఓడ దిగినప్పుడు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేశాడు, ఇప్పుడు పాస్‌పోర్టులో కూడా అదే.

మరి ఇక్కడ తెలుగువాళ్ళని పాతకాలం నుంచి ఏమని పిలుస్తారో తెలుసా? కోరింగీలు! మీ కోరంగే, అక్షరాలా. మనం చిన్నప్పుడు సైకిళ్ళేసుకుని మడ అడవి చూడ్డానికి వెళ్ళామే, అదే. ఆ రేవు పేరే జనానికి పేరైపోయింది. బర్మాలో కూడా మనవాళ్ళని ఇలాగే కోరంగీలనేవారని చదివాను. ఊరు చూస్తే అంత ఉంది, పేరు మాత్రం సముద్రాలు దాటింది.

వాళ్ళు ఎలా వచ్చారంటావా, చెరుకు కోసం. ఈ దీవికి మొదట డచ్చివాళ్ళు వచ్చారు, 1598లో. మారిస్ అనే వాళ్ళ రాకుమారుడి పేరు పెట్టారు, డోడో పిట్ట వాళ్ళ కాలంలోనే అంతరించిపోయింది, 1710లో వాళ్ళూ వెళ్ళిపోయారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు. 1810లో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్నారు. 1835లో బానిసత్వం రద్దు కాబోతోందనేసరికి చెరుకు తోటల దొరలకి మనుషులు కావాల్సి వచ్చింది. అదిగో, అప్పుడు మన దేశం వాళ్ళ మీద పడింది కన్ను. 1834 నవంబరు 2న మొదటి జట్టు దిగింది, 36 మంది. తర్వాత ఎనభై ఏళ్ళలో నాలుగున్నర లక్షల మందికి పైనే. నెలకి ఐదు రూపాయల జీతం, ఐదేళ్ళ ఒప్పందం. పోర్ట్ లూయీ రేవులో వాళ్ళు ఎక్కిన పదహారు రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు. పోయిన నెల వెళ్ళాను. చాలా మామూలు మెట్లురా, మన కోనేటి మెట్లకంటే చిన్నవి. మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయి ఎందుకో వెనక్కి తీసుకున్నాను.

సరే, స్వాతంత్ర్యం దగ్గరికి వస్తాను. నాకు నిజంగా ఆశ్చర్యం కలిగించింది ఇదే. మన ఆగస్టు పదిహేను అంటే తెల్లవాడు పోవాలని అందరం కోరుకున్నాం అన్నట్టే కదా చదువుకున్నాం. ఇక్కడ అలా కాదు. స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్నది 1967 ఆగస్టు ఎన్నికల్లోనే తేలింది. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టమని కొందరు పట్టుబట్టినా పెట్టలేదు. శివసాగర్ రామ్‌గులామ్ కూటమి స్వాతంత్ర్యం కావాలంది, గయెటాన్ దువాల్ పార్టీ వద్దంది. సీట్లు 39, 23. ఓట్లు చూస్తే నూటికి 44 మంది వద్దన్నట్టు! వాళ్ళని దేశద్రోహులనేయడం తేలిక. కానీ వాళ్ళ భయం కూడా అర్థమవుతుంది. భారతీయ సంతతి వాళ్ళే ఎక్కువ, పెత్తనం వాళ్ళదే అయిపోతుందేమో అని ఆఫ్రికా మూలాలున్న క్రియోల్‌లకీ మిగతా వాళ్ళకీ బెంగ. పైగా చెరుకు తప్ప వేరే ఆధారం లేదు, తుఫానొస్తే అదీ లేదు. చాలామంది పెట్టే బేడా సర్దుకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోయారట.

1968 జనవరిలో పోర్ట్ లూయీలో గొడవలు రేగాయి. క్రియోల్‌లూ ముస్లింలూ కొట్టుకున్నారు. పక్కపక్కనే ఉన్నవాళ్ళు ఇళ్ళు వదిలి తమవాళ్ళున్న పేటలకి మారిపోయారు. అత్యవసర పరిస్థితి పెట్టారు, బ్రిటిష్ సైనికులు దిగారు. స్వాతంత్ర్య వేడుకకి రావలసిన బ్రిటిష్ రాకుమారి అలెగ్జాండ్రా ప్రయాణం కూడా రద్దయింది. అంటే పెళ్ళికి ముందు ఇంట్లో గొడవ జరిగితే ఎలా ఉంటుందో అలా ఉంది అప్పటి పరిస్థితి.

మామ్మగారికి అప్పుడు పదేళ్ళు. వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చోబెట్టుకుని షాన్ ద మార్స్ మైదానానికి తీసుకెళ్ళాడట. గుర్రప్పందేలు జరిగే చోటది, ఇప్పటికీ జరుగుతాయి. మార్చి 12, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి బ్రిటిష్ జెండా యూనియన్ జాక్ దిగింది, నాలుగు రంగులు పైకెళ్ళాయి. ఆవిడకి జెండా కంటే ఎండ గుర్తుంది. "చప్పట్లు కొట్టాలా వద్దా అని మా నాన్న అటూ ఇటూ చూశాడు" అని చెప్పింది, మనవరాలు నాకు ఇంగ్లీషులో చెబుతుంటే. ఏ చరిత్ర పుస్తకంలోనూ దొరకని మాట కదరా!

ఆ తారీకే ఎందుకంటే దండి యాత్ర మొదలైన రోజు కాబట్టి అని ఇక్కడ అందరూ చెబుతారు. 1930 మార్చి 12. గాంధీ 1901లో దక్షిణాఫ్రికా నుంచి ఇంటికి వెళ్తూ ఓడ ఆగితే ఇక్కడ కొన్నాళ్ళు ఉన్నాడు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని మనవాళ్ళకి చెప్పాడు. 1992లో రిపబ్లిక్ అయినప్పుడు కూడా అదే తారీకు పెట్టుకున్నారు. మనలా రెండు సెలవులు రావని నా బాధ. ఇక స్వాతంత్ర్యం వద్దన్న ఆ నూటికి 44 మంది కథ ఏమైందనుకున్నావు? స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదికల్లా ఆ దువాల్ రామ్‌గులామ్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యాడు! వద్దన్న దేశాన్నే ఊరూరా తిరిగి పొగిడే పని.

మొన్న నేను మైదానానికి వెళ్దామనే అనుకున్నాను, మామ్మగారు పోనివ్వలేదు. "టీవీలో బాగా కనిపిస్తుంది, దాల్ పూరీ చేశాను" అంది. ఆ దాల్ పూరీ అంటే ఏమిటనుకున్నావు? బెల్లం వెయ్యని బొబ్బట్టు! ఉడికించి రుబ్బిన పప్పు లోపల, పల్చటి మైదా బయట, చిక్కుడు గింజల కూర పూసి, పచ్చడి పెట్టి, చుట్టి చేతికిస్తారు. ఎప్పుడూ జంటగానే, ఒక్కటి ఇవ్వరు. నేను రెండు జంటలు తిన్నాను, అబద్ధం ఎందుకు, మూడు. టీవీలో కవాతు నడుస్తోంది. ఈ దేశానికి సైన్యమే లేదు, కవాతు చేసేది పోలీసులూ వాళ్ళలోని ప్రత్యేక దళమూ. ఢిల్లీ నుంచి ముఖ్య అతిథి రావడం కూడా మామూలే, 2024లో ముర్ము, 2025లో మోదీ. జాతీయగీతం మొదలవగానే మామ్మగారు మోకాళ్ళు పట్టుకుంటూ లేచి నిలబడింది. గీతం ఇంగ్లీషులో. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో. అయినా మనవరాలితో సహా అందరూ గొంతెత్తి పాడారు. నేను మాత్రం నోట్లో పూరీతో నిలబడ్డాను.

ఇంకోటి. ఛాగోస్ దీవుల పేరు ఇక్కడ ఎవరి దగ్గర ఎత్తినా మొహం మారిపోతుంది. స్వాతంత్ర్యానికి ముందే, 1965లో, బ్రిటన్ వాటిని మారిషస్ నుంచి విడదీసి తన దగ్గర ఉంచుకుంది, అక్కడి జనాన్ని ఖాళీ చేయించి డీగో గార్సియాని అమెరికా స్థావరానికి ఇచ్చింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అది తప్పని చెప్పింది, 2025 మేలో తిరిగి అప్పగించే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఇల్లు ఖాళీ చేసిన ముసలివాళ్ళకి మాత్రం ఈ సంతకాలు చాలా ఆలస్యం.

వచ్చేసేటప్పుడు మామ్మగారు మనవరాలి చేత ఒక ప్రశ్న అడిగించింది. కోరంగిలో ఇప్పుడు కూడా ఓడలు ఆగుతాయా అని. నాకు నోట మాట రాలేదు. నువ్వు ఈ ఆదివారం బండి తీసుకుని ఒకసారి వెళ్ళిరా. రేవు ఎక్కడుండేదో అక్కడ పెద్దవాళ్ళని ఎవరినైనా అడుగు, నీళ్ళ వైపు తిరిగి ఒక ఫోటో తియ్యి. మడ చెట్లే పడ్డా పర్లేదు, ప్రింటు తీయించి ఆవిడకిస్తాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, ఆవకాయ అయిపోయిందని కూడా చెప్పు.

నీ
రాంబాబు