పొలమారిందా అని అడగండి

సంపాదకులకు నమస్కారం.

నేను సైదాబాద్‌లో ఇరవై ఆరేళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. మీ పేపర్ పొద్దున్నే మా షట్టర్ కింది నుంచి లోపలికి పడుతుంది. మొదటి గిరాకీ వచ్చేలోపు సగం చదివేస్తాను. ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను. కొంచెం పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వేయండి.

మా మనవడికి అప్పుడు పంతొమ్మిది నెలలు. ఆ రోజు సద్దుల బతుకమ్మ. పల్లీ సద్ది కోసం మా కోడలు పల్లీలు వేయించి, చేటలో పోసి పొట్టు నలుపుతోంది. పిల్లాడు నా ఒళ్లో కూర్చుని చేట మీదికి చెయ్యి చాపుతున్నాడు. పొట్టు ఊది, ఒక్కో పల్లీని రెండు బద్దలుగా విడదీసి, నాలుగైదు బద్దలు వాడి నోట్లో పెట్టింది నేనే. అంతలో వాళ్ల నాన్న తలుపు చాటు నుంచి తొంగి చూసి "బూ" అన్నాడు. వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే దగ్గు వచ్చింది. ముఖం కందగడ్డలా అయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అర నిమిషమో నిమిషమో గుక్క తిప్పుకోలేదు. మా ఆవిడ పరుగున వచ్చి నడినెత్తిన తట్టి, "మీ మేనత్త తలుచుకుంటోంది రా బిడ్డా" అంది. బోడుప్పల్‌లో ఉండే మా అమ్మాయి ఆ సాయంత్రం రావాల్సి ఉంది. దగ్గు ఆగిపోయింది. వాడు ఒళ్లోంచి దిగి ఆటకు పోయాడు. మేం పూలు పేర్చే పనిలో పడ్డాం. పొలమారడం ఏ ఇంట్లో ఉండదు?

మూడో రోజు రాత్రి దగ్గు మొదలైంది. ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు. సీజన్ మారింది, చలిగాలి తగిలింది అనుకున్నాం. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకుపోతే సిరప్ రాశారు. తగ్గలేదు. నెబ్యులైజర్ పెట్టారు. రోజుకు రెండుసార్లు తిరగలేక మిషన్ కూడా కొన్నాం. ముసుగు పెట్టగానే వాడు ఏడుపు, వాణ్ని చూసి వాళ్లమ్మ ఏడుపు. పదో రోజు జ్వరం వచ్చింది, ఎక్స్‌రే తీశారు, కుడి పక్క నిమ్ము చేసిందన్నారు. యాంటీబయాటిక్ వాడితే జ్వరం తగ్గింది, మందు ఆపిన నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. "ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా?" అని అడిగారు. మా నాన్నకు ఉండేదని చెప్పాను. అంతే, ఇది కూడా ఉబ్బసమే అనుకున్నారు, మేమూ అనుకున్నాం.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ క్లినిక్‌లో ఒకసారి "బాబు ఏమైనా మింగాడా? బిళ్ల, గుండీ లాంటిది?" అని అడిగారు. లేదని చెప్పాం. మేం అబద్ధం ఆడలేదు, వాడు ఏమీ మింగలేదు కదా! మేం పెట్టిన పల్లీ వాడు తిన్నాడు, అది మింగడం అని మాకు తోచలేదు. పొలమారడం రోగం కింద లెక్క అని అంతకన్నా తోచలేదు. అడిగినవాళ్లు అడిగారు, చెప్పినవాళ్లు చెప్పారు, మధ్యలో ఒక్క మాట తేడా వల్ల పిల్లాడు ఇరవై రోజులు ఊపిరి ఆడక అవస్థ పడ్డాడు.

దీపావళికి ముందు రోజు వాడి గుండె ఎగిరెగిరి పడుతుంటే ఆటో ఎక్కించి పెద్ద దవాఖానాకు తీసుకుపోయాం. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు పాతికేళ్లు దాటి ఉండవేమో. స్టెతస్కోప్ ఎడమ పక్క పెట్టి విన్నది, కుడి పక్క పెట్టి విన్నది, మళ్లీ ఎడమకు వచ్చింది. వాడు గింజుకుంటుంటే వాడి చేతికి తన పెన్ను ఇచ్చి మరీ విన్నది. తర్వాత మా కోడలి వైపు తిరిగి, "అమ్మా, దగ్గు మొదలుకాకముందు ఎప్పుడన్నా ఏదన్నా తింటుంటే పొలమారిందా?" అని అడిగింది.

మా కోడలు నా ముఖం చూసింది. నాకు చేట కళ్లముందు కనిపించింది.

ఆ డాక్టరమ్మ, తర్వాత వచ్చిన పెద్ద డాక్టరు గారు మాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. గాలిగొట్టం కింద రెండుగా చీలుతుంది. కుడి పాయ కొంచెం వెడల్పు, కొంచెం నిటారు. అందుకని లోపలికి జారిన గింజ తరచుగా అటే పోతుంది. పల్లీ ఎక్స్‌రేలో కనపడదు. రూపాయి బిళ్ల తెల్లగా కనపడుతుంది గానీ గింజకు నీడ పడదు. దాని చుట్టూ ఏం జరుగుతోందో చూసి పట్టుకోవాలి. పీల్చిన గాలి గింజ పక్క నుంచి లోపలికి పోతుంది, వదిలేటప్పుడు బయటకు రాలేక అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఊపిరి వదిలినప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బి కనిపించవచ్చు. కొన్ని రోజులు పోతే దారి పూర్తిగా మూసుకుపోయి ఆ భాగం ముడుచుకుపోతుంది, చీము పడుతుంది. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా పొలమారిన సంగతి ఉంటే వదిలిపెట్టకూడదట. పల్లీలో నూనె ఉంటుంది కదా, అది లోపలి పొరను మండించి వాపు తెప్పిస్తుంది. మొదటి దగ్గు ఆగిపోవడమే అన్నిటికంటే మోసం అని చెప్పారు. గింజ లోపల కుదురుకున్నాక పిల్లాడు కొన్ని గంటలు, కొన్ని రోజులు బాగానే ఉంటాడు. అమ్మానాన్నలు మరిచిపోయేది ఆ రోజుల్లోనే. మేం కూడా అప్పుడే మరిచిపోయాం.

పూర్తి మత్తు ఇచ్చి, నోట్లోంచి గొట్టం వేసి, దుర్బీన్‌తో తీశారు. బయట బెంచీ మీద నేను కూర్చోలేకపోయాను. అర గంటకు నర్సమ్మ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఒకే ఒక్క బద్ద. నీళ్లలో నానినట్టు ఉబ్బి, అంచులు నల్లబడి, పైన ఆ చిన్న మొలక మొన చెక్కుచెదరకుండా ఉంది. ఇరవై ఆరేళ్లలో ఎన్ని బస్తాల పల్లీలు తూచి ఉంటానో లెక్క లేదు. ఒక బద్దను అంతసేపు చూడడం అదే మొదటిసారి. మర్నాడు సాయంత్రానికి వాడు వార్డులో నా చొక్కా జేబులోంచి పెన్ను లాక్కుని పరుగెత్తాడు. పిల్లికూతలు లేవు. ఇప్పుడు బాగున్నాడు.

మా చిన్నమ్మాయి బీ ఫార్మసీ చదువుతోంది. ఇంటికొచ్చాక ఈ సంగతి మీద డాక్టర్లు రాసిన వ్యాసాలు వెతికి, ఒక్కొక్కటి తెలుగులో నాకు చదివి చెప్పింది. మన దేశంలోని ఆసుపత్రుల నుంచి వచ్చిన వాటిలో చాలా చోట్ల పల్లీదే మొదటి స్థానం. ఎక్కువమంది మూడేళ్లలోపు వాళ్లే. నమలడానికి దవడ పళ్లు పూర్తిగా రావు, నవ్వుతూ పరుగెత్తుతూ తింటారు. రోజులు, వారాలు గడిచాక ఆసుపత్రికి చేరేవాళ్లు తక్కువేం కాదు. ఉబ్బసమనీ నిమ్మనీ మందులు వాడి వచ్చేవాళ్లు ఉంటారు. అన్ని వ్యాసాలూ చెప్పేది ఒకటే: పొలమారిన సంగతి రాబట్టడమే రోగం పట్టుకోవడానికి ముఖ్యమైన ఆధారం.

అమెరికాలో షెవలియర్ జాక్సన్ అనే గొంతు డాక్టర్ ఉండేవాడట. ఫిలడెల్ఫియాలో పని చేశాడు. మనుషుల గొంతుల్లోంచి, ఊపిరి గొట్టాల్లోంచి తీసిన వస్తువులు 2,374 దాచిపెట్టాడు. పిన్నీసులు, గుండీలు, నాణేలు, గింజలు. ఏది ఎవరి దగ్గర ఎలా తీశాడో రాసిపెట్టుకున్నాడు. అవి ఇప్పటికీ అక్కడి మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. ఆయన దగ్గరికి ఇంట్లో వాడే క్షారం తాగి ఆహారనాళం కాలిపోయిన పిల్లలు వస్తుండేవారు. ఆ డబ్బాల మీద విషం అని రాయాలని ఆయన ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. 1927లో అక్కడి కేంద్ర ప్రభుత్వం చట్టం చేసింది. యూరప్‌లో సుసీ సేఫ్ అనే రిజిస్టర్ పెట్టారు. పిల్లల ముక్కులో, చెవిలో, గొంతులో ఇరుక్కున్నవి ఏమిటో వివిధ దేశాల నుంచి అందులో నమోదు చేశారు.

గుండీ సైజు బ్యాటరీల సంగతీ అంతే. రిమోట్లలో, లైటు వెలిగే బొమ్మల్లో ఉండే ఆ గుండ్రటి సెల్ పిల్లాడు మింగితే, ఆహారనాళంలో ఇరుక్కున్న రెండు గంటల్లోనే తీవ్రంగా కాలుతుంది. ఏడాది దాటిన పిల్లలకు ఆసుపత్రికి పోయే దారిలో తేనె పడుతుంటే ఆ కాలడం నెమ్మదిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు పందుల మీద ప్రయోగం చేసి చూపించారు. తేనె కోసం ఆగకూడదు, ఆసుపత్రికి పరుగెత్తడమే ముఖ్యం. ఏడాదిలోపు పసివాళ్లకు తేనె అసలు పట్టకూడదు. పద్దెనిమిది నెలల పాప ఒకతి అలాంటి సెల్ మింగి చనిపోయాక, 2022లో అక్కడ ఆ పాప పేరుతోనే చట్టం వచ్చింది. ఆ సెల్స్ నా దుకాణంలోనూ అట్ట మీద వేలాడుతుండేవి, పిల్లల చేతికి అందేంత ఎత్తులో. ఇప్పుడు తాళం వేసిన సొరుగులో ఉన్నాయి.

ఇక నేను అడగదలుచుకున్నది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మల మీద ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. పసిపిల్లల బొమ్మలోంచి చిన్న ముక్క ఊడి గొంతుకు అడ్డం పడుతుందా అని కూడా పరీక్ష చేస్తారు. అది లేని బొమ్మ అమ్మితే నాకు జరిమానా. అదే కౌంటర్ మీద అయిదు రూపాయల పల్లీల ప్యాకెట్, పుట్నాల ప్యాకెట్, పల్లీపట్టీ ఎవరికైనా అమ్ముతాను. బేగంబజార్ నుంచి నేను తెచ్చే ప్యాకెట్లు వరసపెట్టి తిప్పి చూశాను. బరువు ఉంది, ధర ఉంది, తయారైన తేదీ ఉంది. చిన్న పిల్లలకు గింజలుగా పెట్టవద్దన్న మాట ఒక్కదాని మీదా లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం నాలుగేళ్లలోపు వద్దంటోంది, ఇంగ్లండ్‌లో అయిదేళ్లలోపు వద్దంటారు. మన ప్యాకెట్ల మీద ఆ ముక్క తెలుగులో, ఉర్దూలో, కనపడేంత అక్షరాలతో వేయిస్తే కంపెనీలకు అయ్యే ఖర్చెంత? పల్లీ మంచి తిండి, మానమని నేను అనను. పొడి చేసి అన్నంలో కలపవచ్చు. అంగన్‌వాడీల్లో మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం పొడిగానే ఉంటుంది కదా.

రెండోది డాక్టర్లకు నా మనవి. మన నగరంలో నిలోఫర్ ఉంది, కోఠీలో ఈఎన్‌టీ దవాఖానా ఉంది, ప్రైవేటువి లెక్కలేనన్ని. ఏ పిల్లాడి ఊపిరి గొట్టంలోంచి ఏం తీశారు, ఎన్ని రోజులు ఆలస్యమైంది, అంతకుముందు ఏ రోగం అనుకున్నారు అన్నది అందరూ ఒకే రకంగా రాసి, నగరం మొత్తానికి ఒక లెక్క కట్టి ఏటా మీ పేపర్ల ద్వారా మాకు చెప్పండి. ఇంకొకటి పరిశోధన చేయండి: తల్లిదండ్రులను ఏ మాటతో అడిగితే నిజం బయటకు వస్తుంది? మింగాడా అంటే మేం లేదన్నాం. పొలమారిందా అంటే చెప్పేశాం. నగరంలో ఆ మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో పేరు ఉంటుంది. మా పక్కింటి ఉర్దూ వాళ్లు ఠస్కా అంటారు. ఈ మాటలన్నీ సేకరించి, తగ్గని దగ్గుతో వచ్చే ప్రతి పసిపిల్లాడి ఓపీ చీటీ మీద ఆ ప్రశ్న అచ్చు వేయించండి. దానికి మిషన్లు అక్కర్లేదు.

పొలమారినప్పుడు ఏం చేయాలో కూడా ఆ డాక్టరమ్మ చెప్పింది. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. నోట్లో వేలు పెట్టి గుడ్డిగా కెలకకూడదు, ఇంకా లోపలికి పోతుంది. దగ్గు రాక, గొంతు పెగలక, ఊపిరి ఆగుతుంటే తల కిందికి వచ్చేలా వంచి రెక్కల మధ్య వీపు మీద అయిదు గట్టి దెబ్బలు వేయాలి. రాకపోతే, ఏడాది దాటినవాళ్లకు వెనుక నుంచి పట్టుకుని బొడ్డు పైన పిడికిలితో అయిదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. ఏడాదిలోపు వాళ్లకు పొట్ట నొక్కకూడదు, రొమ్ము ఎముక మీద నొక్కాలి. ఇంకొకరు ఆలోగా 108కి ఫోన్ చేయాలి. దగ్గు ఆగి ఆడుకుంటున్నా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నడినెత్తిన తట్టి ఊరుకోవద్దు.

ఆ డబ్బీ నా గల్లాపెట్టె పక్కనే పెట్టుకున్నాను. చంకలో పసిబిడ్డతో వచ్చి పల్లీలు అడిగినవాళ్లకు ముందు అది చూపిస్తున్నాను. కొందరు తీసుకోకుండా పోతారు, కొందరు కోప్పడతారు. పిల్లలకే అయితే నా దగ్గర మిక్సీ ఉంది, మెత్తగా పొడి కొట్టి ఇస్తున్నాను. దానికి విడిగా డబ్బులు తీసుకోవడం లేదు.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
సైదాబాద్, హైదరాబాద్