నెమళ్ళను కోళ్ళతో కలపవద్దు పాపా

వేంపల్లె

పాపా,

మేం బాగున్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. ఫోన్లో చెబితే సగం నీకు వినపడదు, మిగతా సగం "సరే నాయనా" అంటూనే మరిచిపోతావు. అందుకే రాస్తున్నాను.

ఫోటో చూశాం. అమ్మ నెమళ్ళను చూసి మురిసిపోయింది. నాకు మాత్రం వాటి కాళ్ళ దగ్గర గింజలేరుకుంటున్న కోళ్ళను చూసి టెన్షన్ పట్టుకుంది. కోళ్ళు, గినీ కోళ్ళు, గోల్డెన్ ఫెజెంట్ అనే రంగురంగుల పక్షుల జత, ఇప్పుడు ఈ రెండు నెమళ్ళు, అన్నీ ఒకే దొడ్లో! ముచ్చటగానే ఉంది, కాదనను. కానీ పశువుల ఆసుపత్రిలో పనిచేసినవాడి కన్ను ముందు నేల మీదికే పోతుంది.

కోడి పేగు చివర సంచుల్లో సన్నటి నట్టలు ఉంటాయి. వాటితో కోడికి పెద్ద ఇబ్బందేమీ లేదు, తింటూ గుడ్లు పెడుతూ తిరుగుతూనే ఉంటుంది. ఆ నట్ట పెట్టే గుడ్డులో ఇంకో సూక్ష్మజీవి దాక్కుని ఉంటుంది. రెట్టతోపాటు నేలమీద పడిందంటే ఏళ్ళ తరబడి చావదు. వానపాములు కూడా దాన్ని మోస్తాయి. అదే నేలను గీరుకుని తిన్న నెమలికి బ్లాక్‌హెడ్ జబ్బు పట్టుకుంటుంది, పేగూ కాలేయమూ రెండూ పాడవుతాయి. గినీ కోళ్ళు, ఫెజెంట్లు కూడా ఆ నట్టల్ని మోసేవే. టర్కీ కోళ్ళ కోసం మీ అమెరికాలో నిటార్సోన్ అని మేతలో కలిపే మందు ఉండేది. అది ఆర్సెనిక్ మందు కాబట్టి 2015 చివరితో ఆపేశారు. అందుకని మందును నమ్ముకోవద్దు, నేలను వేరు చెయ్యి.

కోళ్ళు ఎప్పుడూ తిరగని మూల ఒకటి చూసి, అక్కడ నెమళ్ళకు దడి కట్టించు. కోళ్ళ దొడ్లో వేసుకున్న చెప్పులు, అక్కడి పార ఇటు రాకూడదు. గింజలు నేలమీద చల్లకుండా తొట్లో పెట్టు. పక్షులు చూసే డాక్టరుకు రెట్ట చూపించి, ఆయన చెప్పిన మోతాదులోనే నట్టల మందు వెయ్యి. ఇంకముందు ఏ కొత్త పక్షిని తెచ్చినా నెల రోజులు విడిగా ఉంచాకే మిగతావాటి దగ్గరికి వదులు.

నీకు తెలుసు, మన దగ్గర నెమలిని ఇంట్లో పెంచడం నేరం. 1963లో జాతీయ పక్షిని చేశారు, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో పెట్టారు. శెనక్కాయలు విత్తగానే నెమళ్ళు దిగి సాళ్ళ వెంట ఒక్కో గింజా పెళ్ళగించి తింటుంటే, రైతు డబ్బా కొట్టి అరవాల్సిందే తప్ప ఇంకేం చేయలేడు. మీ పెదనాయన వాటిని తిట్టే తిట్లు ఉత్తరంలో రాసేవి కాదులే.

అయినా వాటి సంగతి నాకు తెలిసింది ఆ చేల గట్ల మీదే. ఇడుపులపాయ దోవలో పొద్దు గుంకే వేళ నిలబడితే కనిపిస్తుంది. నెమలి ఒక్కసారిగా చెట్టెక్కదు. కింద నిలబడి మెడ చాచి నాలుగు పక్కలా చూస్తుంది. దబ్బున ఒక కొమ్మకు ఎగిరి, మళ్ళీ ఆగి చూసి, ఇంకో కొమ్మ. అట్లా చివరికి వేపచెట్టు పైకొమ్మ చేరి కూర్చుంటే తోకంతా కిందికి వేలాడుతుంది. నువ్వు పెట్టిన అడ్డకొయ్య నీ నడుమెత్తు కూడా లేదు. మనిషి ఎత్తుకు మించి పెట్టించు. గోడకు ఆనిస్తే తోక రాసుకుని విరుగుతుంది, అందుకని బాగా ఎడం ఉండాలి. మీకు మంచు పడే రోజులుంటాయి కాబట్టి గుండ్రటి కట్టె వద్దు, వెడల్పాటి పలక వెయ్యి. దాని మీదైతే వేళ్ళు పొట్ట ఈకల కింద వెచ్చగా ఉంటాయి. పైకప్పుకు ఇనుప జాలీ కన్నా మెత్తటి వల మేలు. బెదిరినప్పుడు ఫెజెంట్లు నిట్టనిలువునా ఎగిరి తల పగలగొట్టుకుంటాయి.

మగదానికి ఏడాదే అన్నావు. పూర్తి పింఛం మూడో ఏటికి గానీ రాదు, అల్లుడిని తొందరపడవద్దను. జత కట్టే కాలం అయిపోయాక ఆ ఈకలు వాటంతటవే రాలిపోతాయి, జబ్బు అనుకుని నువ్వు భయపడకు. ఈకల కోసం ఎవరైనా పీకబోతే మాత్రం ఊరుకోకు.

వాటి అరుపు గురించి అమ్మినవాడు చెప్పి ఉండడు. జత కట్టే కాలంలో తెల్లవారుజామునే మొదలుపెడతాయి. మనకైతే వాన వస్తుందని సంతోషం, మీ పక్కింటివాళ్ళకు అట్లా ఉండదు. మీ ఊరి రూల్స్ ఇప్పుడే కనుక్కో. ఇంకో మాట. ఇవి పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతాయి. ఉద్యోగం మారినప్పుడల్లా ఊరు మారే మీకు అది గుర్తుండాలి.

బయట వదలాలనుకుంటే ముందు రెండు మూడు నెలలు దడిలోనే ఉంచు, లేకపోతే మొదటి రోజే ఎటో పోతాయి. మగది కారు తలుపులో తన నీడను చూసి ఇంకో మగదనుకుని పొడుస్తుంది, అల్లుడి కొత్త కారు జాగ్రత్త.

దడి పని ఈ వారమే మొదలుపెట్టు. ఈసారి నెమలి ఫోటో పంపకపోయినా ఫరవాలేదు, పొద్దున్నే వేసిన రెట్ట ఫోటో పంపు. గంధకంలా పచ్చగా ఉన్నా, పక్షి రెక్కలు వేలాడేసుకుని ముడుచుకుని కూర్చున్నా నాకు ఫోన్ చేయడం కాదు, నేరుగా డాక్టరు దగ్గరికి పరుగెత్తు.

మీ నాయన