చప్పట్ల తర్వాత వాళ్లనెవరు పలకరించారు?

సంపాదకులకు నమస్కారం.

2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు మా వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి, కరోనాతో పోరాడుతున్న వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టింది. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సయిన మా అక్క వాటిని వినలేదు, డ్యూటీలో ఉంది. 2021 వేసవిలో సెకండ్ వేవ్ వచ్చినప్పుడు పీపీఈ కిట్టు విప్పేసరికి ఆమె వేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడేవి. ఇంటికొస్తే పెరట్లోనే స్నానం, మూడేళ్ల కూతుర్ని కిటికీలోంచి చూసుకోవడం, మేడ మీద ఒంటరిగా పడక.

చనిపోయినవాళ్ల సెల్‌ఫోన్లు వార్డులో మోగుతూనే ఉండేవట. తెర మీద ‘అమ్మ’ అని కనిపిస్తుంటే ఎత్తి ఏం చెప్పాలి? ఇప్పటికీ రాత్రిపూట ఫోను మోగితే అక్క ఉలిక్కిపడుతుంది. ఆమెను ఆ రోజుల్లో నిలబెట్టింది తోటి నర్సులే. ఒకరి నైట్ డ్యూటీ మరొకరు చేశారు, ఏడుపొస్తే పక్కన కూర్చున్నారు.

కొవిడ్ డ్యూటీలో ప్రాణం పోతే కేంద్రం 50 లక్షల బీమా పెట్టింది, మంచిదే. బతికి మిగిలినవాళ్ల మనసు సంగతి? మానసిక సాయం కోసం ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరులో వచ్చింది గానీ, వరుస షిఫ్టుల్లో ఉన్న మనిషికి ఫోను చేసే తీరికేదీ? ప్రతి పెద్దాసుపత్రిలో సిబ్బంది కోసమే ఒక కౌన్సెలర్‌ను పెట్టండి. ఖాళీ నర్సు పోస్టులు నింపండి. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు, ఆశా కార్యకర్తలకు నెలనెలా డబ్బులు అందేలా చూడండి.

– ఒక నర్సు తమ్ముడు, ఖమ్మం