వంగమంటేనే కనబడే వంపు

సంపాదకులకు,

పిల్లల వెన్ను పక్కకు ఒరిగితే బడి సంచిని, కూర్చునే తీరును తిట్టడం మామూలైపోయింది. స్కోలియోసిస్‌కు, అంటే వెన్ను ఇలా పక్కకు వంగడానికి, ఆ రెండూ కారణం కావు. ఎక్కువమందిలో కారణమే తెలియదు. పదేళ్లు దాటి ఎత్తు చకచకా పెరిగే వయసులో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, వంపు ముదురుతుంది. పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

పాదాలు కలిపి, మోకాళ్లు వంచకుండా, అరచేతులు జోడించి ముందుకు వంగమనండి. వెనక నుంచి చూస్తే పక్కటెముకలు ఒకవైపు ఎత్తుగా లేచాయా? కాళ్ల పొడవులో తేడా ఉన్నా ఇలా కనిపించొచ్చు. కూర్చోబెట్టి వంచితే అప్పుడది సర్దుకుంటుంది.

ఎక్స్‌రే నిలబెట్టే తీయాలి; పడుకోబెడితే వంపు తగ్గినట్టు కనబడుతుంది. ఎక్స్‌రేలో వంపు ఎంతో కొలిచే కాబ్ కోణం 10 డిగ్రీలకు చేరితేనే స్కోలియోసిస్. కొలతలోనే 5 డిగ్రీల వరకు తేడా వస్తుంది గనక 18 కాస్తా 21 అయిందని కంగారు అక్కర్లేదు.

ఎదుగుతున్న పిల్లల్లో 25 నుంచి 40 డిగ్రీల దాకా సాధారణంగా బ్రేస్ (ఒంటికి బిగించి వేసే గట్టి తొడుగు) ఇస్తారు. అది వంపును ముదరకుండా ఆపడానికే, నిటారు చేయడానికి కాదు. ఈ మాట ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది మధ్యలో తీసి పారేస్తారు. పగలూ రాత్రీ వాడే బ్రేస్‌ను రోజుకు 18 గంటలు వేసుకోమంటారు. 13 గంటలకు తగ్గితే ఫలితం బాగా పడిపోతుంది. వంపు 45–50 డిగ్రీలు దాటితే సర్జరీ గురించి మాట్లాడాలి. వ్యాయామం తోడుగా మంచిదే, మసాజ్ మాత్రం ఎముకను తిప్పదు.

రాత్రి నిద్ర లేపే నొప్పి, కాళ్లలో బలహీనత, ఛాతీ భాగంలో ఎడమవైపు వంపు ఉంటే ఎమ్మారై అవసరమేమో డాక్టరును అడగండి.

– ఒక ఫిజియోథెరపిస్టు