శనివారం ఆటల్లో మా పిలకాయలకూ చోటివ్వండి

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. మా అబ్బాయి ఆరో తరగతి. వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేక, తొందరపడే సమస్య ఉందని డాక్టరు తేల్చారు. మందులు వాడాక కుదురు కొంచెం వచ్చింది, స్నేహితులు మాత్రం రాలేదు.

వాడు తన వంతు వచ్చేదాకా ఆగలేడు. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే అడ్డం వస్తాడు. కబడ్డీలో ఎవరూ పంపకుండానే కూతకు పోతాడు. అది పొగరు కాదు, తనను తాను ఆపుకోవడం ఆ బిడ్డకు నిజంగానే కష్టం. ఈ సంగతి తోటి పిలకాయలకు ఎవరు చెప్పారు? వాళ్లు రోజూ వినేది "వీడితో వేగలేం", "వాడి పక్కన కూర్చుంటే నువ్వూ చెడిపోతావ్" అనే మాటలే. క్లాసందరి ముందు అయ్యవారే అలా అన్నాక, మధ్యాహ్న భోజనం దగ్గర వాడి పక్కన ఎవరు కూర్చుంటారు? అంతమందిని ఒక్కరే చూసుకునే టీచరుకు ఓపిక నశిస్తుందని నాకూ తెలుసు. అందుకే వాళ్లకు సాయం అడుగుతున్నాను.

అమెరికా, కెనడాల్లో 579 మంది ఇలాంటి పిల్లలకు చికిత్స చేసి చూసిన ఎంటీఏ అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. లక్షణాలు తగ్గినా, తోటిపిల్లలు వాళ్లను దగ్గరికి రానివ్వడం లేదని తర్వాత పరిశీలనలో తేలింది. అమోరి మికామి అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2013లో ప్రచురించిన ప్రయోగం ఇంకో దారి పట్టింది. పిల్లవాణ్ణి మార్చడంతో సరిపెట్టకుండా టీచర్లకు శిక్షణ ఇచ్చారు: ఆ బిడ్డతో ఆప్యాయంగా ఉండటం, వాడిలోని మంచిని అందరికీ వినబడేలా చెప్పడం, ఎవరినీ వెలివేయకూడదని క్లాసుకు నియమం పెట్టడం. తోటివాళ్ల తిరస్కారం తగ్గింది. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు సార్.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే కేంద్ర పథకం, ఏడీహెచ్‌డీని గుర్తించాల్సిన జబ్బుల్లో చేర్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో దాని పేరు లేదు. అంటే గుర్తించడం వరకే, ఆ తర్వాత బడిలో ఆ బిడ్డ ఎవరి బాధ్యతో తెలియదు.

మీరు శనివారాలను పుస్తకాల సంచి తేనక్కర్లేని నో బ్యాగ్ డే చేశారు, మంచి పని. ఆ రోజు ఆటలకు జట్లను పిల్లల నాయకులు కాకుండా టీచర్లే వేయాలని చెప్పండి. నాయకులు ఏరుకుంటే మా వాడు ప్రతిసారీ ఆఖరికి మిగులుతాడు, ఆ జట్టు మొహం మాడ్చుకుంటుంది. పదేపదే మనుషులు మారే పెద్ద ఆట కంటే ఇద్దరిద్దరు కలిసి చేసే పని ఇలాంటి పిల్లలకు నయం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల టీచర్లు మామూలు తరగతులకు కూడా వచ్చి ఉపాధ్యాయులకు ఈ మెళకువలు చూపాలి. మెగా పేరెంట్ టీచర్ మీటింగులో దీని గురించి పది నిమిషాలు అందరు తల్లిదండ్రులకూ చెప్పించండి. ఏ బిడ్డ పేరూ మాత్రం ఎత్తొద్దు. జబ్బు సంగతి క్లాసుకు చెప్పాలో వద్దో ఆ పిల్లవాడూ ఇంటివాళ్లూ తేల్చుకోవాలి.

ఈ మేరకు ఒక ఉత్తర్వు ఇవ్వమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక తల్లి