మన కాలనీ సంఘం వార్షిక నివేదిక: హెడ్‌లైటు కొట్టుకోవాలా, వెలగాలా

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు పనులు ముందుగా చెప్పేస్తాను. వీధిదీపాల్లో కాలిపోయినవి మార్పించాం. మూడో సందు మొదట్లో కాలవ మీద బండ వేయించడానికి ఏడుసార్లు తిరిగాం, ఎనిమిదోసారి బయల్దేరుతుంటే వాళ్లే వచ్చి వేసిపోయారు. వినాయక చవితి పందిరి ఎప్పటిచోటే, లడ్డూ వేలం ఎప్పటిలాగే. జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా అచ్చు వేయించారు. అందులో రూపాయి తేడా కనపడితే ఆయన్నే అడగండి, నన్ను కాదు.

ఇక అసలు సంగతి. ఈ ఏడాది మన సమావేశాల్లో సగం టైమ్ తినేసింది ఒకటే విషయం. టూవీలర్ హెడ్‌లైటు పగటిపూట నిలకడగా వెలగాలా, ఆరుతూ వెలుగుతూ కొట్టుకోవాలా? మన కుర్రాళ్లు దాన్ని ఫ్లాషర్ అంటారు. షెడ్డులో లైటును ఆర్పి వెలిగించే చిన్న రిలే ఒకటి పెట్టిస్తే చాలు, ఎదురుగా వచ్చేవాడి కళ్లలో టపటపా కొడుతుంది. ఇది సంఘం మాట్లాడాల్సిన విషయమా అని కొందరు పెద్దలు గొణిగారు. మన కాలనీలో కార్లున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, బండి లేని ఇల్లు మాత్రం వెతికినా దొరకదు. మనం కాక ఎవరు మాట్లాడాలి?

మొదలైంది ఇలా. మన సందు తిరుపతి కరకంబాడి రోడ్డులో కలిసే మలుపు అందరికీ తెలుసు. మూలమీద టీ బంకు, దాని ముందర ఎప్పుడూ రెండు షేర్ ఆటోలు. ఫుడ్ డెలివరీ చేసే మన అబ్బాయి ఒకడు పొద్దున ఏడు గంటలప్పుడు మెయిన్ రోడ్డు మీద నేరుగా వస్తున్నాడు. ఎదురుగా యాత్రికుల టెంపో ట్రావెలర్. రాత్రంతా నడిచిన బండి, లాడ్జి వెతుక్కుంటూ ఉన్నట్టుండి కుడివైపు మన సందులోకి తిరిగింది. వీడు బ్రేకు కొట్టాడు, వెనక చక్రం జారింది, ఇసుకలో ఈడ్చుకుపోయాడు. మోచేయి చెక్కుకుపోయింది, బ్యాగులోని సాంబారు రోడ్డు పాలైంది. దేవుడి దయ, అంతకుమించి ఏమీ కాలేదు. నేనప్పుడు టీ బంకు దగ్గరే ఉన్నాను. డ్రైవరు దిగి వణుకుతూ వచ్చి ఒకటే మాట: "నిజంగా కనపడలేదు సామీ." అబద్ధం చెప్పే మొహం కాదు. మనవాడి హెడ్‌లైటు మాత్రం వెలుగుతూనే ఉంది, బండి పడిపోయాక కూడా, ఆకాశం వైపు.

మోచేతికి కట్టుతోనే సమావేశానికి వచ్చాడు. "లైటు వేసుకున్నా కనపడలేదంటే ఇంకేం చేయాల? ఫ్లాషర్ పెట్టిస్తాను, మీరూ పెట్టించండి" అన్నాడు. కుర్రాళ్లంతా సరే అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అన్నాను.

పగలు లైటు వెలగడమే వింతగా ఉన్న రోజులు మరీ పాతవేమీ కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లన్నిటికీ ఇంజన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైటు దానంతటదే వెలగాలని కేంద్రం రూలు తెచ్చింది. ఆపే స్విచ్చే లేదు. కొత్తలో ఎదురొచ్చే ప్రతివాడూ చెయ్యెత్తి వేళ్లు మూసి తెరిచి "అన్నా, లైట్ ఎలగతా ఉంది" అని చెప్పేవాడు. మా ఆవిడ కొత్త బండి మీద లీలామహల్ సర్కిల్ నుంచి బాలాజీ కాలనీ దాకా అందరికీ తల ఊపి ఊపి మెడనొప్పి తెచ్చుకుంది. ఇప్పుడెవరూ చెప్పరు, అలవాటైపోయింది. మన అబ్బాయి వాదన అక్కడే ఉంది. అన్ని బండ్లకూ వెలుగుతుంటే నా బండి లైటు ఎవడు పట్టించుకుంటాడు అన్నాడు. తీసిపారేయాల్సిన మాట కాదది.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మన సభ్యులు రెండో సమావేశానికి మూడు టార్చిలైట్లు తెచ్చారు. హాల్లో దీపాలు ఆర్పించి, ఒకరి రెండు చేతులకూ చెరో టార్చి ఇచ్చి చేతులు చాపి నడిచి రమ్మన్నారు. అది కారు. దగ్గరికొచ్చేకొద్దీ రెండు వెలుగుల మధ్య ఎడం పెరగడం అందరికీ తెలుస్తోంది. తర్వాత ఇంకొకరిని ఒకే టార్చితో నడవమన్నారు. వస్తున్నాడా నిలబడ్డాడా అని అడిగితే సగంమంది నిలబడ్డాడన్నారు. అప్పటికి ఆయన మా కుర్చీల దాకా వచ్చేశాడు! ఒంటి లైటుతో ఉన్న చిక్కు అదే. పైగా చిన్న వస్తువు పెద్ద వస్తువుకన్నా ఆలస్యంగా చేరుతుందని మన బుర్రే పొరబడుతుందట. లారీ వస్తుంటే ఆగే మనిషి, అదే దూరంలో, అదే వేగంతో బండి వస్తుంటే మలుపు తిప్పేస్తాడు. ఇక కారు ముందద్దం పక్కన ఉండే స్తంభం చాటున బండి మొత్తం దాక్కోగలదు. అప్పుడు లైటు వెలిగినా ఒకటే, కొట్టుకున్నా ఒకటే.

ఆయనే ఇంకో ముచ్చట చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం వాళ్లు విమానం కనపడకుండా ఉండటానికి దాని ముందు భాగానికి దీపాలు బిగించి చూశారట. వెలుగు నిండిన ఆకాశంలో నల్లగా కనపడే విమానం, దీపాలు వేస్తే ఆకాశంలో కలిసిపోయింది. నేను నమ్మలేదు. మర్నాడు పొద్దున ఆరున్నరకు రేణిగుంట రోడ్డులో తూర్పుకు తిరిగి నిలబడి చూశాను. సూర్యుణ్ణి వెనకేసుకుని వచ్చే బండ్ల లైట్లు ఆ వెలుగులో ఎక్కడివక్కడే కరిగిపోతున్నాయి. అదే చెట్ల నీడలోకి రాగానే చుక్కల్లా తేలాయి. లైటు ఎంత పనిచేస్తుందనేది దాని వెనక ఏముందన్న దాన్నిబట్టి ఉంటుంది.

అలాగని లైటు దండగ అని కాదు. అమెరికాలో లాస్ ఏంజిల్స్ చుట్టుపక్కల 900కు పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాలు జరిగినచోటికే వెళ్లి పరిశీలించి 1981లో ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. బండిని ఇంకో వాహనం గుద్దిన కేసుల్లో ముఖ్య కారణం మన డ్రైవరు చెప్పిందే, కనపడలేదు అన్నదే. మలేషియా 1992లో బండ్లకు పగటి లైటు తప్పనిసరి చేశాక ఆ రకం ప్రమాదాలు 29 శాతం దాకా తగ్గినట్టు లెక్క తేలింది. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ ప్రాంతంలో చేసిన పరిశీలన 2004లో వచ్చింది. పగలు లైటు వేసుకునేవాళ్లకు దెబ్బలు తగిలే ముప్పు 27 శాతం తక్కువ, తెల్ల హెల్మెట్ వాళ్లకు నల్ల హెల్మెట్ వాళ్లకన్నా 24 శాతం తక్కువ, మెరిసే చొక్కా వేసుకున్నవాళ్లకు 37 శాతం తక్కువ. లైటుకన్నా చొక్కా ముందుంది చూశారా. (మన ఊళ్లో గుండ్లకు కొదవ లేదు గానీ, గుండుకు పూసిన చందనం ఎంత మెరిసినా హెల్మెట్ కిందికి రాదు.)

ఇవన్నీ నిలకడ లైటు లెక్కలు. ఫ్లాషర్‌కు ఏదైనా అనుమతి ఉందా అని వెతికితే, ఉంది. అమెరికాలో చట్టబద్ధమే. కాకపోతే దానికి వాళ్లు పెట్టిన షరతులు చూడండి. నిమిషానికి 240 సార్లు, అటూఇటూ 40 తేడాతో మాత్రమే కొట్టుకోవాలి. పూర్తిగా ఆరకూడదు, తగ్గినప్పుడు కూడా కనీసం 17 శాతం వెలుగు ఉండాలి. హైబీమ్ గానీ లోబీమ్ గానీ ఒక్కటే కొట్టుకోవాలి. చీకటి పడగానే సెన్సార్ దాన్ని ఆపేసి మామూలు లైటు చేసేయాలి. మన షెడ్డులో పెట్టే రిలేకు ఇందులో ఒక్కటీ లేదు. నల్లగా పూర్తిగా ఆరుతుంది, ఫుల్లుగా వెలుగుతుంది, రాత్రి పన్నెండుకు కూడా అంతే.

మాటలతో తేలదని ఒక ఆదివారం పొద్దున టీ బంకు దగ్గర నిలబడి చూశాం. మన అబ్బాయి ఫ్లాషర్ బండి మీద అటూఇటూ తిరిగాడు, కొన్నిసార్లు మామూలు లైటుతో, కొన్నిసార్లు కొట్టుకునే లైటుతో. చూపు లాగడంలో ఫ్లాషర్‌దే పైచేయి, అందులో అనుమానం లేదు. టీ వడపోస్తున్న ఆయన కూడా తలెత్తి చూశాడు. కానీ చూసినవాళ్లు ఏం చేశారన్నది వేరే కథ. ఒక షేర్ ఆటో ఆయన దారి ఇమ్మంటున్నాడనుకుని రోడ్డు మధ్యలో ఆపేశాడు, వెనక బస్సు హారన్. అంబులెన్సేమో అని ఒకాయన పక్కకు దించి వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయాడు. రోడ్డు దాటుతున్న ఒక అవ్వ ముందుకూ పోలేక వెనక్కీ రాలేక నడిమధ్యలో నిలబడిపోయింది. హెల్మెట్ లేకుండా ముగ్గురెక్కిన బండి ఒకటి వచ్చింది. ఫ్లాషర్ చూడగానే ముందర చెకింగ్ ఉందనుకుని, మన సందులో దూరి, ఇంటి వెనకల నుంచి పారిపోయారు. ఆ రోజుకు ఆ పరీక్ష వల్ల జరిగిన మేలు అదొక్కటే.

నవ్వుకున్నా, నా మనసు మారింది అక్కడే. మన రోడ్ల మీద డిప్పర్, అంటే హెడ్‌లైటు ఒక్కసారి కొట్టి తగ్గించడం, ఇప్పటికే ఒక భాష. ఆగు, నేను వస్తున్నాను అని ఒక అర్థం. పక్కకు జరుగు అని ఒక అర్థం. ముందర పోలీసులున్నారు అని ఇంకో అర్థం. కొందరి దగ్గర నువ్వు పో అని కూడా. తిరుపతి రోడ్డు మీద తమిళనాడు బండి, కర్ణాటక బండి, తెలంగాణ బండి, మన బండి పక్కపక్కనే నడుస్తాయి, ఒక్కొక్కరి అలవాటు ఒక్కోలా ఉంటుంది. పైగా వీఐపీల కాన్వాయ్‌లు, ఎస్కార్ట్ లైట్లు ఈ ఊళ్లో రోజూ ఉండేవే. ఇన్నిటి మధ్య ఇంకో కొట్టుకునే లైటు పెడితే బండి కనపడుతుంది, అది నేరుగా వస్తోందో, ఆగి దారి ఇస్తోందో తెలియదు. మన డ్రైవరుకు ఆ రోజు తెలియాల్సింది ఆ రెండోదే. లైటు ఆరి వెలిగే లోపల బండి ఎంత ముందుకొచ్చిందో అంచనా దొరకడం కష్టమని ఆ ఆదివారం నాకే అనిపించింది.

తిరుమల కొండ రోడ్డు సంగతి కూడా వచ్చింది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాక ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎదురుబండి లేనిచోట ఫ్లాషర్ ఎవరికి కొడుతుంది? ముందుపోయేవాడి అద్దంలో కొడుతుంది. మలుపుల్లో వాడికి అంతకన్నా టెన్షన్ ఏముంటుంది?

మన మహిళా సభ్యురాలొకరు ఎప్పుడూ పెద్దగా మాట్లాడరు. ఆ రోజు లేచి, తమ పాపకు మూర్ఛ ఉందని, టపటపా కొట్టుకునే వెలుతురుకు దూరంగా ఉంచమని డాక్టరు చెప్పారని అన్నారు. సెకనుకు 3 నుంచి 30 సార్లు కొట్టుకునే వెలుతురు అలాంటివాళ్లలో కొందరికి పడదు. నిమిషానికి 240 అంటే సెకనుకు నాలుగు. పట్టపగలు ఒక చిన్న లైటుకు అంత ప్రమాదం ఉండదని ఫిజిక్స్ సారు అన్నారు, బహుశా నిజమే. కానీ ఆమె కూర్చున్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

చట్టం మాట కూడా ఒకటుంది. కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటే సంఘం తీర్మానం చూపించి బయటపడలేం.

చేతులెత్తమంటే ఎక్కువమంది ఫ్లాషర్ వద్దన్నారు. అబ్బాయి ఎత్తలేదు. వాడి కోపం నాకు అర్థమైంది. కిందపడిన మనిషికి, నీ ఆలోచన మంచిదే గానీ అని చెప్పడం తేలిక కాదు.

వద్దని ఊరుకోలేదు. బ్రహ్మోత్సవాల గరుడసేవ నాడు టూవీలర్లను కొండ మీదికి పంపరు కాబట్టి కింద పార్కింగ్‌లో సాయానికి మన కుర్రాళ్లు వెళ్లారు. వరసలుగా నిలిపిన బండ్లు చూస్తే కళ్లు తెరుచుకున్నాయి. హెడ్‌లైటు అద్దాల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. వెనక లైటు పగిలినవి, నంబరు ప్లేటు మీద దేవుడి బొమ్మ అతికించి లైటు మూసేసినవి. మనం ముందు లైటు కొట్టుకోవాలా అని నాలుగు నెలలు కొట్టుకున్నాం, చాలామందికి వెనక లైటే లేదు. ఆ తర్వాతి రెండు ఆదివారాలు మన కాలనీ బండ్లన్నిటికీ అద్దాలు తుడిపించి, కాలిన బల్బులు మార్పించి, లైటు ఎత్తు సరిచేయించాం. వెనక, పక్కల రేడియం స్టిక్కర్లు అతికించాం. పాలు పోసే అన్న బండికి అతికించడానికి చోటే దొరకలేదు, క్యాన్లు వెనక లైటును పూర్తిగా కప్పేస్తున్నాయి. చివరికి క్యాన్లకే ఎర్ర పట్టీలు చుట్టాం. మొన్న తెల్లవారుజామున నా బండి లైటు పడగానే సందు చివర్న రెండు క్యాన్లు భగ్గుమన్నాయి. ఆయన మాత్రం పాలు తీసుకునే ఆడవాళ్లు ఇవేం బొట్లని నవ్వుతున్నారని నామీద గుర్రుగా ఉన్నాడు.

తెల్ల హెల్మెట్లు కలిపి కొంటే తగ్గింపు ఇస్తామన్న షాపు ఒకటుంది. కావలసినవాళ్లు ఈ నెలాఖరులోగా పేరు రాయించండి. మిగిలిన రేడియం స్టిక్కర్లు ఆఫీసులో ఉన్నాయి. వాటి పక్కనే సొరుగులో మన అబ్బాయి ఫ్లాషర్ రిలే కూడా ఉంది, వాడే తీసి ఇచ్చాడు. పారేయలేదు. సెన్సార్‌తో, రూలుతో వచ్చే రోజు వస్తే మళ్లీ మాట్లాడదాం అని వాడికి మాటిచ్చాను.

టీ బంకు ముందర షేర్ ఆటోల సంగతి మాత్రం తేలలేదు. ఆ రెండు ఆటోలు అక్కడ లేకుంటే టెంపో డ్రైవరుకు రోడ్డు ఇంకాస్త దూరం కనపడేది. ఆటోవాళ్లను అడిగితే వేరే చోటు చూపించమంటున్నారు, న్యాయమే. వచ్చే సమావేశంలో మొదటి అంశం అదే. టీ బంకాయన్నూ పిలిచాం, టీ ఆయనే తెస్తానన్నాడు.

ఇట్లు,
కార్యదర్శి