అడిగినదానికి జవాబు లేదు, అడగని ఆఫర్లకు అంతు లేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: డైరెక్ట్ మెసేజ్‌లలో అదేపనిగా పంపుతున్న ప్రకటనలు ఆపడం, నా ఫిర్యాదుకు జవాబు ఇవ్వడం గురించి.

అయ్యా / అమ్మా,

మీ కంపెనీ స్టడీ ల్యాంపు కొన్న కస్టమర్‌ని నేను. కొన్న మూడో వారంలోనే అది మొరాయించడం మొదలుపెట్టింది. రాత్రిపూట మా అమ్మాయి పరీక్షలకు చదువుకుంటుంటే మినుకుమినుకుమని ఆరిపోయేది, తలమీద తడితే మళ్లీ వెలిగేది. మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో "ఏ సహాయం కావాలన్నా మాకు మెసేజ్ చేయండి" అని ఉంది కదా అని 14 సెకన్ల వీడియో తీసి, బిల్లు ఫొటోతో కలిపి పంపాను. వారంటీలో మార్చి ఇస్తారా అని అడిగాను, అంతే.

నా మెసేజ్ కింద 'సీన్' అని పడింది. జవాబు మాత్రం లేదు. మూడో రోజు మీ పేరుతో నోటిఫికేషన్ రాగానే చేతిలో పని వదిలేసి తెరిచాను. "హాయ్ డియర్! మీ చదువుల గదికి సరికొత్త వెలుగు! 20 శాతం తగ్గింపు, ఈ రాత్రి వరకే!" అని ఉంది. కింద బొమ్మలో ఉన్నది అదే ల్యాంపు. పైన నేను పంపిన వీడియోలో ఆరిపోతున్న ల్యాంపు, దాని కిందే మీరు కొనమంటున్న ల్యాంపు, రెండూ ఒకే స్క్రీన్ మీద! స్క్రీన్‌షాట్ జత చేశాను, దయచేసి చూడండి. మీ మనిషి ఒక్కరైనా ఆ చాట్ తెరిచి చూసి ఉంటే అలాంటి మెసేజ్ పంపడానికి చెయ్యి వచ్చేది కాదు.

అప్పటినుంచి నెలన్నరలో మొత్తం 31 మెసేజ్‌లు వచ్చాయి. నేను అడిగిన ప్రశ్న వాటి కింద ఎక్కడో కూరుకుపోయింది, దాన్ని వెతుక్కోవాలంటే ఇప్పుడు నాకే చాలాసేపు పడుతోంది. "దయచేసి ఆఫర్లు పంపవద్దు" అని మర్యాదగానే రాశాను. "థాంక్యూ! మీ కోసం మరిన్ని డీల్స్ ఇవిగో" అని వెంటనే బదులొచ్చింది. 'స్టాప్' అని రాస్తే కూడా అదే బదులు. మనిషి రాసినదాన్ని చదవలేని మెషీన్‌ని ఆ చాట్‌లో కూర్చోబెట్టినప్పుడు, కనీసం 'వద్దు' అనే మాటైనా దానికి నేర్పించాల్సింది.

ఒకరోజు తెల్లవారుజామున 5:40కి ఫోన్ మోగింది. ఆ రాత్రంతా మా నాన్నగారు ఐసీయూలో ఉన్నారు. ఆయన దగ్గరున్న తమ్ముడు ఏ కబురున్నా మెసేజ్ పెడతానన్నాడు, నేను ఫోన్ పక్కనే పెట్టుకుని నిద్రపట్టక పడుకున్నాను. గుండె దడదడలాడుతూ తెరిస్తే "లేవండి, ఫ్లాష్ సేల్ మొదలైంది!" అని మీ మెసేజ్. మా ఇంటి పరిస్థితి మీకు తెలిసే అవకాశం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మెసేజ్‌ల పెట్టె అలాంటి చోటు. ఫీడ్‌లో ప్రకటన వస్తే వేలితో తోసేసి ముందుకు వెళ్లిపోతాం. ఈ పెట్టెలోకి మాత్రం మా వాళ్లు మాతో మాట్లాడటానికి వస్తారు. అందుకే అక్కడ మోగిన ప్రతిసారీ చూడకుండా ఉండలేం.

ఇంకొకటి మరీ భయపెట్టింది. జవాబు కోసం విసిగిపోయి మీ పోస్టు కింద కామెంట్‌లో నా సమస్య రాశాను. గంట తిరగకముందే మీ లోగోతో, మీ పేరుకు ఒక అండర్‌స్కోర్ తగిలించిన అకౌంట్ నుంచి మెసేజ్ వచ్చింది. ల్యాంపు మార్చడానికి ప్రాసెసింగ్ ఫీజు కట్టమని లింకు. అదే 'హాయ్ డియర్', అవే ఆశ్చర్యార్థకాలు, మీరు పంపేలాంటి పొట్టి లింకే. దాదాపు నొక్కేశాను. అండర్‌స్కోర్ మా అమ్మాయి కంటపడింది కాబట్టి సరిపోయింది. రోజూ ఏదో ఒక లింకు నొక్కమంటూ మీరే అలవాటు చేస్తే, మోసగాడి లింకునూ మీ లింకునూ కస్టమర్ ఎలా వేరు చేసి చూడాలి?

రూల్స్ సంగతి కూడా చెప్పాలి. కస్టమర్ మెసేజ్ పెట్టాక 24 గంటల్లోపు వ్యాపార సంస్థ జవాబివ్వవచ్చని ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా రూల్ పెట్టింది. ఆ గడువు దాటితే అవతలి వ్యక్తి ప్రత్యేకంగా ఒప్పుకోకుండా ప్రకటనలు పంపకూడదు. సమస్యను మనిషే చూసి పరిష్కరించడానికి మాత్రం 7 రోజుల దాకా వెసులుబాటు ఉంది. అంటే ఆ వెసులుబాటు నాలాంటి వాళ్ల కోసమే. మీరు దాన్ని వదిలేసి, వద్దన్నదే చేశారు. పైగా, యూరప్‌లో వ్యక్తిగత వివరాలను కాపాడే చట్టం జీడీపీఆర్ ప్రకారం నడుచుకుంటామని మీ ప్రైవసీ పాలసీలో మీరే రాసుకున్నారు. 2018 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం 21వ అధికరణం ప్రకారం, నేరుగా పంపే ప్రకటనలు వద్దని ఎవరైనా చెబితే ఆ పని కోసం వాళ్ల వివరాలు ఇక వాడకూడదు. నేను ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పాను.

అసలు మెసేజ్‌లో అమ్మకమే తప్పని నేను అనడం లేదు. ఒకసారి వేరే చోట చెప్పుల సైజు దొరకలేదంటే, "స్టాక్ వచ్చాక చెప్పమంటారా?" అని అడిగారు. సరేనన్నాను. రెండు వారాలకు ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది, సంతోషంగా కొన్నాను. ఆ తర్వాత వాళ్ల నుంచి ఇంకేమీ రాలేదు. ఇప్పుడు ఏం కావాలన్నా ముందు వాళ్ల దగ్గరికే వెళ్తాను.

కాబట్టి ముందుగా ల్యాంపు సంగతి తేల్చండి. మార్చి ఇస్తారో, డబ్బు వాపసు ఇస్తారో మెషీన్‌తో కాకుండా మనిషితో చెప్పించండి. నా పేరు, నంబరు, అకౌంట్ మీ ప్రకటనల లిస్టులన్నింటి నుంచి తీసేయండి. బయటి ఏజెన్సీకి ఇచ్చి ఉంటే ఆ ఏజెన్సీ ఏదో చెప్పి, వాళ్ల దగ్గర కూడా తీసేయించండి. ఇవన్నీ చేశామని 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ గడువు దాటితే స్క్రీన్‌షాట్లన్నీ కలిపి ఆ సోషల్ నెట్‌వర్క్‌కూ, వినియోగదారుల ఫిర్యాదులు చూసే అధికారులకూ పంపుతాను. మీ పేరుతో తిరుగుతున్న ఆ నకిలీ అకౌంట్ గురించి మాత్రం 15 రోజులు ఆగవద్దు, ఈరోజే మీ పేజీలో కస్టమర్లను హెచ్చరించండి.

మీ పేజీని నేను ఇంకా బ్లాక్ చేయలేదు. చేస్తే నా వీడియోకు జవాబు వచ్చే దారి కూడా మూసుకుపోతుందని ఆగాను. ల్యాంపును దాని పెట్టెలోనే సర్ది, బిల్లుతో సహా ఉంచాను. ఎప్పుడు వచ్చి తీసుకెళ్తారో చెప్పండి.

ఇట్లు,
మీ కస్టమర్

జతచేసినవి: బిల్లు కాపీ, వీడియో, 31 మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, నకిలీ అకౌంట్ స్క్రీన్‌షాట్